ఆయన రొట్టె, నా అన్నం

మా ఆయన అన్నం తినే తీరే వేరు. పప్పు ధారాళంగా పోసుకుని, నెయ్యి ఉంటే వేసుకుని, లేకపోతే అడగకుండా, పెద్ద పెద్ద ముద్దలు కలుపుకుని తినేవాడు. ఉప్పు ఎక్కువైందనో, కారం తక్కువైందనో ఒక్కనాడూ వంక పెట్టలేదు. సంగారెడ్డి అవతల పల్లెలో సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టిన మనిషి. పొలాలు ప్లాట్లయ్యాక గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో బాయిలర్ దగ్గర పనికి చేరాడు, మేం బీరంగూడకు వచ్చి కిరాయి ఇంట్లో దిగాం. నాగలి వదిలి మీటలు తిప్పే పనిలోకి వచ్చాడు గానీ, ముద్ద మాత్రం నాగలి పట్టిన రోజులదే.

అలాంటి మనిషికి షుగర్ వచ్చింది. చేతి మీద ఆవిరి తగిలి చిన్నగా కాలింది. నెల దాటినా అది మానలేదు. నేనే బలవంతాన మా వీధి చివరి క్లినిక్‌కు లాక్కుపోయాను. రక్తపరీక్ష అయ్యాక డాక్టరమ్మ షుగరని చెబితే, నిజమేనా అని ఆమెను రెండుసార్లు అడిగాను. ఆయన మాత్రం చెప్పులు వేసుకుంటూ, "అందరికున్నదే గదా. కంపెనీల మేం జేసేదే షుగర్ గోలీల పొడి. భయమెందుకు?" అన్నాడు. తన పరాచికానికి తానే నవ్వుకున్నాడు.

నాకు నవ్వు రాలేదు. మా బావగారు, అంటే ఆయన అన్న, కూడా మొదట ఇట్లాగే నవ్వాడు. కాలి బొటనవేలికి పుండైతే పసుపు పెట్టుకుని తిరిగాడు. చివరికి మోకాలి కింది నుంచి తీసేశారు. ఇప్పుడు వాళ్లింటికి పోతే గుమ్మం ముందు ఆయనది ఒక్క చెప్పే కనిపిస్తుంది. అన్నదమ్ములిద్దరిదీ ఒకే పోలిక, ఒకే నడక, ఒకే తిండి. ఇంట్లో తడికాళ్లతో ఆయన తిరిగినప్పుడల్లా నేల మీద పడిన రెండు పాదాల గుర్తులూ చూసుకునేదాన్ని. ఆ రెండోది నాకు మిగలాలి. అంతకు మించి దేవుణ్ణి నేనేమీ అడగలేదు.

ఇక ఆ రోజు నుంచి ఇంట్లో నా రాజ్యం మొదలైంది. అన్నం బంద్. పొద్దున ఇడ్లీలు, దోశలు బంద్. పొద్దునా, మధ్యాహ్నం, రాత్రీ జొన్నరొట్టె, దాంతో ఆకుకూర. పుంటికూర, తోటకూర, చుక్కకూర వంతులవారీగా వచ్చేవి. మధ్యాహ్నానిది డబ్బాలో పెట్టి కంపెనీకి పంపేదాన్ని. టీలో చక్కెర లేదు. ఆదివారం మటన్ వండితే రెండు ముక్కలు వేసి, గిన్నె వెనక్కి తీసుకుపోయేదాన్ని. మా అత్తమ్మ నేర్పిన పద్ధతిలో ఉడుకునీళ్లు పోసి పిండి కలిపి, చేత్తో కొట్టి పెనం మీద వేసేదాన్ని. చిన్నప్పుడు తిన్న తిండే కదా అనుకున్నాను గానీ, మధ్యలో ఇన్నేళ్లు తెల్లన్నానికి అలవాటుపడ్డ నాలుక ఊరుకుంటుందా?

"మనిషిని దెచ్చి మేకను జేసినవ్. ఒగ తాడు గూడ తెచ్చి కట్టెయ్యరాదు," అనేవాడు ఆకుకూర వంక చూస్తూ.

"కట్టేస్త. నాకేం మొహమాటం లేదు," అనేదాన్ని.

తనకు షుగర్ ఉన్నదని మాత్రం ఎవ్వరికీ చెప్పొద్దన్నాడు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లను, "మా చుట్టాలాయనకు షుగర్ వచ్చిందట, ఏం తింటే తగ్గుతది?" అని అడిగేదాన్ని. ఒకామె కాకరకాయ రసం అన్నది, ఒకామె నానబెట్టిన మెంతులన్నది, ఇంకొకామె నేరేడు గింజల పొడి అన్నది. ఎవరేం చెప్పినా ఆ చుట్టాలాయన మర్నాడు పొద్దున్నే మొహం ముడుచుకుని తాగేవాడు. డాక్టరమ్మకు తెలిసి నన్ను కేకలేసింది. "మందు నేనిస్తాను. తిండి, నడక మీరు చూసుకోండి. ఈ రసాలు ఆపండి," అన్నది. ఆపేశాను.

ఆయనకు అన్నం తగ్గించాను గానీ, బియ్యం కొలత తగ్గించడం నాకు చేతకాలేదు. పిల్లలిద్దరూ ఫోన్లు చూసుకుంటూ సగం తిని సగం వదిలేసేవాళ్లు. కింద పడ్డ మెతుకును కళ్లకద్దుకునే ఇంట్లో పుట్టినదాన్ని, ఎట్లా పారేస్తాను? అందరూ తిన్నాక ఆ గిన్నెలోనే ఇంత పచ్చడి వేసి కలుపుకుని తినేసేదాన్ని. జొన్నరొట్టెలు ఆయనకు లెక్కగా చేసేదాన్ని కాబట్టి వాటి జోలికి పోయేదాన్ని కాదు. మిషన్ మీద కూర్చుంటే రెండు మూడుసార్లు టీ పడేది. ఆయన కప్పులో ఆగిపోయిన చక్కెర కూడా నా కప్పులోనే పడిందనుకుంటాను.

మూడు నెలలకు మళ్లీ పరీక్ష. ఈ మూడు నెలల్లో షుగర్ ఎట్లా ఉన్నదో మొత్తం చెప్పే పరీక్ష అది, ముందురోజు ఉపవాసముండి మోసం చేయడానికి లేదు. నేను బడికి మొదటి ర్యాంకు తెచ్చుకోబోతున్న పిల్లలా కూర్చున్నాను. షుగర్ తగ్గలేదు సరిగదా, పెరిగింది. "ఇట్లాగే ఉంటే వచ్చేసారికి ఇన్సులిన్ సూది మొదలుపెట్టాలి. కాళ్లు కూడా జాగ్రత్తగా చూసుకోవాలి," అన్నది డాక్టరమ్మ. కాళ్లు అనగానే నాకు ఆ ఒంటి చెప్పు కనిపించింది. ఇంటికొచ్చి పిండి డబ్బా ముందు కూర్చుని ఏడ్చాను. నా రొట్టెల్లో ఏం తప్పుందో నాకు అర్థం కాలేదు.

ఆ నెలలోనే మా ఆయనతో పనిచేసే పెద్దాయనకు కొల్లూరులో సర్కారు డబుల్ బెడ్రూమ్ ఇల్లు వచ్చింది. మమ్మల్ని దావత్‌కు పిలిచాడు. ఎత్తైన బిల్డింగుల మధ్య వాళ్ల బ్లాక్ వెతుక్కుని, లిఫ్టులో పైకి పోయేసరికి బగారన్నం వాసన వరండా దాకా వస్తోంది. పెద్దాయన భార్య, అక్కా అని పిలుస్తాను, నన్ను ఇల్లంతా తిప్పి చూపించింది. సొంత గోడను చేత్తో నిమురుతూ మాట్లాడుతుంటే నాకూ సంతోషమేసింది. ఇంతలో పెద్దాయన వచ్చి అందరూ వినేట్టు అన్నాడు.

"చెల్లె, నీ చేతి జొన్నరొట్టె దినుడు మొదలువెట్టినంక మాకు ఇంటి డబ్బా రుచిస్తలేదు. నీ రొట్టెలు మాకే సాల్తలేవు, మీ ఆయనకు ముక్క గూడ దక్కది. పాపం, మా అన్నం డబ్బాలన్నీ ఆయననే ఖతం జేస్తడు."

నా నవ్వు మొహం మీద అట్లాగే ఉండిపోయింది. మా ఆయన వైపు చూశాను. ఆయన తలెత్తి, కొత్త ఇంట్లో ఫ్యాను ఎంత బాగా తిరుగుతోందో చూస్తున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు రింగు రోడ్డు పక్కన సర్వీస్ రోడ్డు మీద బండి ఆపమన్నాను.

"ఇంటికి పోయినంక మాట్లాడుదాం," అన్నాడు.

"పిల్లల ముందర నిన్ను తిట్టలేను. ఈడనే తిడ్త. ఆపు."

ఆపాడు. బండి దిగి, తిట్లన్నీ కూడగట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. "పొద్దుగాల లేచి నేను రొట్టెలు గొట్టేది ఎవల కోసం?"

"డబ్బాలన్ని నడిమిట్ల వెడ్తం. ఎవలది ఎవలు దింటరో లెక్కుండది. ఎన్నేండ్ల సంది గట్లనే తింటున్నం. ఇయ్యాల నేనొక్కణ్ణి నా డబ్బా ఒళ్లె వెట్టుకోని తింటే మంచిగుంటదా?"

"షుగరున్నదని చెప్పరాదు?"

హెల్మెట్ చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు. "కాలు దీసినంక మా అన్నను ఎవలెవలు ఎట్ల సూసిన్రో నేను సూసిన. అయ్యో పాపం అని ఒగ సూపు ఉంటది. గా సూపు నా మీద వడొద్దు. నలుగుట్ల కూసోని తినేటప్పుడు నేను గూడ అందరి లెక్కనే ఉండాలె."

కూడగట్టుకున్న తిట్లన్నీ ఎటు పోయాయో పోయాయి. ఈ మనిషి కడుపు నింపుకోవడానికి అన్నం తినలేదు, నలుగురిలో ఒకడిగా ఉండడానికి తిన్నాడు. అది తెలిశాక కోపం నిలబెట్టుకోవడం నా వల్ల కాలేదు. అయినా గొంతు తగ్గించలేదు.

"నీ పట్టింపుకు కాలు వోతే నీ ఒక్కనికే పోదు. నిన్ను లేపి కూసోబెట్టేది నేను. రేపటి సంది అందరికి సరిపోను జేసి వెడ్త. నువ్వు రొట్టె దప్ప అన్నం ముట్టనని నా మీద ఒట్టు వెయ్యి."

లారీలు పోతుండగా, ఆ రోడ్డు పక్కనే నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. ఒక లారీ డ్రైవర్ హారన్ కొట్టి మరీ చూసి పోయాడు.

మర్నాటి నుంచి మా వంటింట్లో రొట్టెల చప్పుడు వీధిలోకి వినిపించేది. పెద్ద డబ్బా కొన్నాం. భుజాలు లాగేవి. నా అవస్థ చూసి మా ఆయన పిండి కలపడం నేర్చుకున్నాడు. మొదట్లో గోడలకు వేసే సున్నంలా కలిపేవాడు, పోనుపోను చేయి కుదిరింది. పొద్దున ఆ కాస్సేపు ఇద్దరం పక్కపక్కన నిలబడి చేసే పని నాకెంత నచ్చేదో ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. సాయంత్రం రాగానే, "అన్నం ముట్టలే, నీ మీద ఒట్టు," అని ముందే చెప్పేవాడు. నమ్మాను. నలభై దాటిన ఒళ్లు ఇరవై ఏళ్ల నాటి తిండిని మోయదని ఇద్దరికీ తెలిసొచ్చింది. పొట్ట తగ్గి ప్యాంటు వదులైంది. చేతి మీది గాయం మాని, మచ్చ మాత్రం మిగిలింది.

ఆ తర్వాతి పరీక్షలో షుగర్ దిగింది. ఇప్పుడే సూది అవసరం లేదన్నది డాక్టరమ్మ. ఆమె ముందే ఏడ్చేశాను. ఏడుస్తూనే బ్యాగులోని నీళ్ల సీసా తీసి గటగటా తాగాను. ఆమె నా వైపు చూసింది.

"ఇందాక బయట కూర్చున్నప్పుడు కూడా ఒక సీసా ఖాళీ చేశారు కదా. మీరెప్పుడు చేయించుకున్నారమ్మా పరీక్ష?"

"నాకెందుకు మేడం? నేను మంచిగనే ఉన్న."

వినకుండా నా రక్తం కూడా తీయించింది. మర్నాడు ఇద్దరం పోయాం. మా ఆయనకు మొదటిసారి వచ్చిన దానికంటే నాదే ఎక్కువ ఉంది.

"మీ ఆయనకు ఇంత బాగా వండి పెడుతున్నారు. మరి మీరేం తింటారు?" అని అడిగింది.

"ఏమున్నది మేడం, మిగిలింది తింట," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ నా చెవికి ఎక్కలేదు. ఆయన పళ్లెంలోంచి తీసేసిన అన్నమంతా ఇన్నాళ్లూ ఎక్కడికి పోయిందో అప్పుడు తెలిసింది. మా ఆయన కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. ఇంటికి వచ్చే దారిలో నేనే, "అందరికున్నదే గదా," అని ఆయన మాటే ఆయనకు అప్పజెప్పి నవ్వించబోయాను. నవ్వలేదు.

మరునాడు మధ్యాహ్నం నేను మిషన్ మీద ఉండగా కొల్లూరు అక్క ఫోన్ చేసింది. "చెల్లె, నీకు షుగరొచ్చిందట గదా. మా ఆయన ఇప్పుడే ఫోన్ జేసి చెప్పిండు. ఏం పరేషాన్ గాకు. నాకు గూడ నాలుగేండ్ల సంది ఉన్నది."

ఎవరు చెప్పారని అడిగాను.

"మీ ఆయననే. డబ్బాలు ఇప్పకముందే చెప్పిండట. తనకు గూడ ఉన్నదని, ఇన్ని దినాలు దాచిన్నని అన్నడట. మా ఇంటామెకు ఏం పెట్టాలె, ఎట్ల జెయ్యాలె, మీ ఇండ్లల్ల అడిగి చెప్పున్రి అని ఒక్కొక్కల్ని అడుగుతున్నడట. రొట్టె గూడ సక్కగ తినలేదట."

ఫోన్ పెట్టేసి, కుడుతున్న జాకెట్ అట్లాగే మిషన్ మీద వదిలేశాను. తన రోగం బయటపడితే నలుగురిలో తల ఎట్లా ఎత్తుకోవాలా అని అంత భయపడ్డ మనిషి, నా దాన్ని ఒక్క పూట కూడా దాచలేదు. నేను కోప్పడాల్సిన విషయమే. కోపం రాలేదు. ఇన్నేళ్ల కాపురంలో నన్ను ఇంతగా కావాలనుకుంటాడని నాకు తెలియదు. చీర చెంగుతో కళ్లు తుడుచుకున్నకొద్దీ మళ్లీ నిండాయి.

సాయంత్రం వచ్చి, కాళ్లు కడుక్కుని వంటింట్లోకి వచ్చాడు. నేను ఎప్పటిలా ఆయనకు పళ్లెం పెట్టి, రొట్టె వేసి, కూర వడ్డించాను. పళ్లెం నా వైపు జరిపి, భుజం పట్టి నన్ను కూర్చోబెట్టాడు.

"నువ్వు తిన్నంక నేను తింటగా," అన్నాను.

"అద్దు," అన్నాడు. "ఇయ్యాల్టి సంది నువ్వు ముందుగాల తిను. మిగిలింది నేను తింట."