కడబంతి పిన్ని

మా అమ్మ చెల్లెలిని చుట్టాలంతా కడబంతి పిన్ని అంటారు. ఇంట్లో ఏ విందు జరిగినా, చివరి బంతి లేచాక గిన్నెల అడుగున మిగిలింది తినే మనిషి ఆవిడే. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు కదా. వడ్డించేదీ నేనే, కడబంతీ నేనే, ఇంక నాకేం లోటు?" అని నవ్వేది. మేమూ నవ్వి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయేవాళ్ళం. అప్పుడు సిగ్గనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది.

ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళు ఆడపిల్లల హాస్టల్లో వంట చేసింది. రోజూ రెండు వందల మందికి. అక్కడొక కట్టుబాటు ఉండేది. పిల్లలందరూ తినేదాకా వంటమనిషి రుచి కూడా చూడకూడదు, ఎంగిలి. అందుకని ఉప్పు సరిపోయిందో లేదో ఆవిరి వాసన చూసి చెప్పేది. చెబితే తప్పేది కాదు. తన భోజనం మాత్రం మధ్యాహ్నం మూడింటికి, గిన్నెలన్నీ తోమాక, చల్లారిన అన్నంతో. "వేడిది నా ఒంటికి పడదు" అనేది. ఎప్పుడు తిని చూసిందని పడదంటోందో మాలో ఒక్కరమూ అడగలేదు.

పొయ్యికి ఎదురుగా గోడ మీద, ఎవరో పిల్ల వదిలేసి పోయిన క్యాలెండరు కాగితం ఒకటి ఉండేది. సముద్రంలోకి దిగే రాతిమెట్లు, నీలం పడవలు, మెట్ల పైన చిన్న హోటలు. హోటలు బయట ఒక బల్ల, దాని మీద పొగలు కక్కే పళ్ళెం, పక్కన ఖాళీ కుర్చీ. నెలలు మారాయి, ఏళ్ళు మారాయి, ఆ కాగితం మారలేదు. పిన్ని ఆవిరిలో నుంచి ఆ కుర్చీని చూస్తూ గరిటె తిప్పేది. కొన్ని పూటలు ఆ మెట్ల మీద నీళ్ళు కదిలినట్టే కనిపించేవట.

ఉద్యోగం అయిపోయిన రోజు ఆ కాగితం మడిచి నా దగ్గరికి తెచ్చింది. "ఈ కుర్చీలో కూర్చోవాలిరా. వేరేవాళ్ళు వండింది, వేడివేడిగా, అందరికంటే ముందు తినాలి. ఒక్కపూట చాలు. అడుగున ఊరి పేరుంది, చూసి టికెట్టు తియ్యి."

నేను కోప్పడ్డాను. భాష రాదు, చేతిలో డబ్బు అంతంతమాత్రం, దేశం కాని దేశం, అదీ ఒంటరిగా. "నీకు మతి పోయింది పిన్నీ" అన్నాను. "మతి ఉండే ఇన్నాళ్ళూ వండానా?" అంది. నోరు మూసుకుని టికెట్టు తీశాను.

ఊరు బొమ్మలోలాగే ఉందట, కాస్త రంగు వెలిసి. పొద్దున పూట మంచు దిగితే సగం వీధి కనిపించేది కాదట. నడుస్తుంటే ముందు గంట చప్పుడు వినిపించేది, తర్వాత రొట్టె వాసన వచ్చేది, ఆ తర్వాత ఎప్పటికో సందు కనిపించేది. మెట్ల పైన హోటలూ ఉంది, బల్లా ఉంది. బయట రాసిపెట్టిన ధర చూసి మాత్రం పిన్ని వెనక్కి తిరిగింది. ఉన్నది తొమ్మిది రోజులు. ఎనిమిది రోజులు చవగ్గా తిని, తొమ్మిదో రోజు ఆ కుర్చీలో కూర్చోవాలనుకుంది.

చవగ్గా తినడమెలాగో ఆవిడకి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. మార్కెట్టు మూసే ముందు వెళ్ళేది. మచ్చపడ్డ టమాటాలు, విరిగిన క్యారెట్లు, నిన్నటి రొట్టె తెచ్చుకునేది. ఉల్లిపాయను నొక్కి చూసే తీరు చూసి, కూరగాయలామె అడక్కుండానే అల్లం ముక్క కొసరు వేసేది. బస చేసిన ఇంట్లో అందరికీ కలిపి ఒకటే వంటగది. మొదటి రోజు తనొక్కదానికనే బియ్యం పోసింది, కానీ చెయ్యి మాట వినలేదు. ఎనిమిది మందికి సరిపడా అన్నం ఉడికింది. వాసనకి లారీ డ్రైవరు ఒకాయన, పరీక్ష రాయడానికొచ్చిన నర్సు, ఇంటి యజమానురాలు గుమ్మంలో చేరారు. పళ్ళెం పట్టుకున్న మనిషి కనిపిస్తే ఆవిడ గరిటె ఆగదు. అందరికీ వడ్డించి, సింకు దగ్గర నిలబడి అడుగు ఊడ్చి తింది.

మర్నాటి నుంచి డ్రైవరు గుడ్లు, నర్సు పండ్లు, యజమానురాలు నూనె తెచ్చి పెట్టారు. తిండికి ఖర్చే లేకుండా పోయింది. ఈ సంగతి ఫోనులో గొప్పగా చెబుతుంటే నాకు ఒళ్ళు మండింది.

"అంత దూరం వెళ్ళి కూడా కడబంతేనా పిన్నీ?"

"బాగానే తింటున్నానురా. గుడ్డు, పండు, దేనికీ లోటు లేదు."

"వేడిగా తిన్నావా?"

"తొమ్మిదో రోజు ఉందిగా" అంది.

ఆ రోజు ఇస్త్రీ చీర కట్టుకుని పన్నెండు కాకముందే వెళ్ళింది. కుర్చీ ఖాళీగా ఉంది. కూర్చుంది. గోడ మీది కాగితంలోకి తనే వచ్చేసినట్టనిపించిందట. ఇక్కణ్ణుంచి చూస్తే ఆ చివర ఎక్కడో ఒక పొయ్యి, పొగ, గరిటె తిప్పుతున్న మనిషి కనిపిస్తుందేమోనని సముద్రం వైపు చాలాసేపు చూసిందట.

పళ్ళెం వచ్చింది. అన్నం, చేప, నిమ్మచెక్క, పైన ఆవిరి. చెంచా అందుకోబోతూ పక్కకి చూసింది. అక్కడొక ముసలాయన, తనకంటే ముందే వచ్చిన మనిషి, ఇంకా ఖాళీ బల్ల ముందే కూర్చుని ఉన్నాడు. అంతే. పిన్ని లేచి, పళ్ళెం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టేసింది.

ఆయన తెల్లబోయాడు. వడ్డించే ఆయన పరుగున వచ్చి చేతులు తిప్పుతూ ఏదేదో అడిగాడు. ఏం చేసిందో పిన్నికి అప్పుడు తెలిసింది. ఎనిమిది రోజులు మిగిల్చిందంతా ఆ ఒక్క పళ్ళేనికే సరి, మళ్ళీ కొనుక్కునే డబ్బు లేదు, తెల్లారితే ప్రయాణం. చేతులారా పోగొట్టుకున్నానని అక్కడే నిలబడి ఏడ్చిందట. ఆవిడ ఏడ్చిందని వినడం నాకదే మొదటిసారి.

గొడవ విని లోపల్నుంచి వంటామె వచ్చింది. ముసలాయన ముందున్న పళ్ళెం చూసింది, పిన్నిని చూసింది, పిన్ని మోచేతుల దాకా నూనె చింది కాలిన మచ్చలు చూసింది. తన చేతులు చాపి చూపించింది. అవే మచ్చలు. ఏదో అంది.

"ఏమందో తెలీదురా. నేను పిల్లల్ని కూర్చోమనేటప్పుడు అలాగే అంటాను" అని చెప్పింది పిన్ని.

వంటామె భుజం పట్టి ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టింది. లోపలికెళ్ళి ఇంకో పళ్ళెం తెచ్చి పెట్టింది. మొదటి ముద్ద మింగేదాకా కదలనన్నట్టు చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడింది. ముసలాయన కూడా చెంచా పక్కన పెట్టి ఆగాడు.

సాయంత్రం ఫోను చేస్తే మాట ముద్దముద్దగా వచ్చింది. నాకు భయమేసింది.

"ఏమైంది పిన్నీ?"

"నాలుక కాలిందిరా" అంది, ఎంతో సంతోషంగా. "ఊదుకుని తినాలని నాకేం తెలుసు?"