ఇసుక బస్తాలు పందిరికి పోయిన రోజు

పెద్దదోర్నాల కూడలిలో బస్సు దిగేసరికి ఉదయం ఏడు దాటింది. శివరాత్రికి ముందు వారం. శ్రీశైలం వెళ్లే కార్లు హోటళ్ల ముందు రెండు వరుసలుగా ఆగి ఉన్నాయి. ఎండ అప్పటికే తెల్లబడింది. అడవి వైపు నుంచి పొడిగాలి. నా దగ్గర ఉన్నవి ఒక కిట్ బ్యాగు, సైన్యం నుంచి తెచ్చుకున్న బూట్లు, టైర్లలో గాలి చూసే గేజి.

ఉత్తరాన మంచు రోడ్ల మీద సైనిక అంబులెన్సు నడిపి, సర్వీసు ముగించుకుని కొనకనమిట్ల చేరి అప్పటికి నెల కాలేదు. ఎవరు పలకరించినా ఆ మంచు గురించే అడుగుతారు. శత్రువును కళ్లతో చూశావా అంటారు. నేను చెప్పదలచుకున్నది ఈ రెండో పోస్టింగు గురించి. ఇక్కడ సరిహద్దు లేదు. ఒక బండి, ఒక రోగి, దోర్నాల నుంచి మార్కాపురానికి తారురోడ్డు. సైన్యంలో గడిపిన ఏ రోజూ నాలో ఇంత కోపాన్ని మిగల్చలేదు.

యాత్రికుల సీజనుకు ఒక ప్రైవేటు కాంట్రాక్టరు అంబులెన్సు పెట్టాడు. మాజీ సైనికులకే ప్రాధాన్యం అన్నాడు. ఇద్దరం చేరాం. డ్రైవరును నేను. వెనక రోగిని చూసుకోవడానికి సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుగా చేసి రిటైరైన గిద్దలూరు మనిషి. వయసులో చాలా పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి. ఆయన నన్ను తమ్ముడా అనేవాడు, విసుగొస్తే జనరల్ సాబ్ అనేవాడు. బండిని అడవి చెక్‌పోస్టు పక్కన నిలపమని కాంట్రాక్టరు పెట్టిన సూపర్‌వైజరు ఆర్డరు.

మొదట బండి కింద దూరాను. అది అలవాటు. సరుకుల వ్యాను ఛాసిస్ మీద తెల్లటి పెట్టె కట్టి, ఎర్ర గీత గీసి, పైన లైటు బిగించారు. సీజను కానప్పుడు ఆ పెట్టె ఊడదీసి మార్కాపురం పలకరాయి మోస్తారని వెనక స్ప్రింగు పట్టీలను, కమాన్ కట్టలను చూస్తేనే తెలిసింది. కంపెనీ పట్టీలకు తోడు మరో మందపాటి పట్టీ బిగించి ఉంది. టైర్లలో నిండు బరువుకు పెట్టే గాలి అలాగే ఉంది.

బండ్ల సంగతి తెలియనివారి కోసం కొంత వివరించాలి. కమాన్ కట్ట బరువు కింద వంగి, మళ్లీ లేచి, గుంత దెబ్బను తాను తింటుంది. రాళ్ల లోడుకు కట్టిన కట్ట ఒక్క రోగి బరువుకు వంగదు. అప్పుడు దెబ్బ నేరుగా పైకి పోతుంది. పైన, సరిగ్గా వెనక ఇరుసు మీద, స్ట్రెచరు ఉంటుంది. అలాగని టైర్లలో గాలి మరీ తీసేస్తే టైరు గోడ మలుపులో మడత పడుతుంది. స్టీరింగు తిప్పిన క్షణం తర్వాత గాని బండి తిరగదు. ఘాట్‌లో ఆ క్షణం చాలు. మెత్తదనమూ కావాలి, పట్టూ కావాలి. ఒకటి పెరిగితే రెండోది కొంత తగ్గుతుంది. ఆ రెంటినీ తూచడమే డ్రైవరు పని. మంచు రోడ్డు మీద మాకు నేర్పిన తూకం ఇది: గాలి కొద్దిగా తగ్గించు, ఇరుసు మీద ఇసుక బస్తాలు కట్టు, వేగం అదుపులో ఉంచు.

కాంట్రాక్టరును టైర్ల దుకాణం దగ్గర కలిశాను. అదనపు పట్టీ తీయించమని అడిగాను.

"తీస్తే ఘాట్‌లో బండి తూల్తాది తమ్ముడా. కంట్రోలు ముఖ్యం. సుఖం కావాలంటే కారెక్కమను."

"గాలిలోకి ఎగిరిన చక్రానికి బ్రేకు ఉండదు సార్, స్టీరింగూ ఉండదు. బండి ఎగరడం కంట్రోలు కాదు."

"కాలేజీలో డిబేట్లు చేసినావంట గదా. కప్పులొచ్చినాయా?"

"వచ్చినాయి."

"ఐతే ఇంట్లో అద్దాల బీరువాలో పెట్టుకో."

ఆ వెంటనే ఆయన తన కారు వైపు తిరిగి దుకాణం మనిషితో అన్న మాటలు నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. "ఈ పొట్టిగోడ టైర్లు తీసెయ్ రా. గుంతలో పడితే నడుముకే తగుల్తాంది. గోడ ఎత్తుండేవి ఎయ్. అట్లని మరీ మెత్తగా వద్దు. మలుపుల్లో ఊగితే మా ఆడోళ్లకి వాంతులు. వెనక షాకప్సర్లు గూడా చూడు."

నేను చెప్పాలనుకున్న పాఠమంతా ఆయన నోటే విన్నాను. అజ్ఞానమైతే క్షమించవచ్చు, నేర్పవచ్చు. ఇది అజ్ఞానం కాదు. తన నడుముకు ఒక శాస్త్రం, రోగి వెన్నుకు మరో శాస్త్రం.

పట్టీ తీయించడం నా చేతిలో లేదు. నా చేతిలో ఉన్నది చేశాను. అన్నా, నేనూ వాగు ఇసుకను ఎరువుల సంచుల్లో నింపి, ఆరు బస్తాలు ఇరుసుకు పైన, గోడల వెంట తాళ్లతో కట్టాం. గేజి పెట్టి గాలి తగ్గించాను. పరీక్షకు అన్న తానే స్ట్రెచరు మీద పడుకుని, టీ గ్లాసు పొట్ట మీద పెట్టుకున్నాడు. ఘాట్ ఎక్కి దిగివచ్చాక వెనక తలుపు తీశాను.

"సగం మిగిలినాది తమ్ముడా. నిన్న బస్తాలు లేనప్పుడు మొత్తం నా చొక్కానే తాగినాది."

శివరాత్రి దాటిపోయింది. గుండెనొప్పి వచ్చినవారినీ, మెట్ల మీద జారినవారినీ దించాం. ఎవరూ బండి గురించి ఒక్క మాట అనలేదు. అంబులెన్సుకు అంతకు మించిన ప్రశంస లేదు.

ఆ తర్వాతి వారం కాంట్రాక్టరు కూడలిలో వైద్య శిబిరం పెట్టాడు. రోడ్డు పక్కన పెద్ద పందిరి. ఎవరో ముఖ్య అతిథి వస్తున్నాడని ఫ్లెక్సీలు. ఆ ఉదయం గాలి గట్టిగా వీచింది.

పదింటి ప్రాంతంలో చెక్‌పోస్టు వైర్‌లెస్ పలికింది. "అంబులెన్సును పంపండి. మేకలకాడి మనిషి చెట్టు మీంచి పడినాడు. మాట్లాడతాండాడు గానీ లేవలేకుండాడు."

తలుపు తీశాను. బస్తాలు లేవు. తాళ్లు మాత్రం ఉన్నాయి.

"పొద్దున్నే మీ సూపర్‌వైజరు మనుషుల్ని తెచ్చి దింపుకొని పోయినాడు. పందిరి గుంజలకంట" అన్నాడు చెక్‌పోస్టు గార్డు.

"మాకు ఒక మాట చెప్పలేదేంది?"

"మీ బండి, మీ ఇసక, మీ సూపర్‌వైజరు. మధ్యలో నేనెవర్ని?"

కూడలికి వెళ్లి తెచ్చుకునే వ్యవధి లేదు. ఘాట్ వైపు బయలుదేరాం.

మేకలకు ఆకు కొట్టడానికి కాపరి చెట్టెక్కాడు. కొమ్మ విరిగింది. రాళ్ల మీద వెల్లకిలా పడ్డాడు. నలభై ఏళ్ల మనిషి. భార్య తల దగ్గర కూర్చుని ఉంది. చుట్టూ తోటి కాపరులు. ఎవరూ కదిలించనందుకు అన్న వారికి దండం పెట్టాడు. మెడకు పట్టీ వేశాడు. కాళ్లు తాకాడు. "బొటనేళ్లు ఆడించు మామా." రెండు కాళ్ల వేళ్లూ ఆడాయి. వెన్ను కదలకుండా చెక్క బోర్డు మీద కట్టాం.

అన్న నా వైపు తిరిగాడు. "ఎన్ను దెబ్బతినింది. నరం ఇంకా బతికే ఉంది. కుదుపు లేకుండా మార్కాపురం చేర్చు. నీ పని అంతే."

అది ఆర్డరు. నా దగ్గర ఇసుక లేదు.

మా వైపు అంబులెన్సు వస్తే ఊరంతా ఎక్కబోతుంది. తోడు ఒక్కరే అన్నది నిబంధన. సీజనంతా నేను మనుషుల్ని దింపుతూనే ఉన్నాను. ఆ రోజు నేనే పిలిచాను. "బరువు కావాలి. లావుగా ఉన్నోళ్లు ముందు రండి. చక్రాల మీదుగా కింద కూర్చోండి, కదలొద్దు."

ఒక భారీ మనిషి ముందుకొచ్చాడు. "ఇన్నాళ్లకి నా పొట్టకి గిరాకీ వచ్చినాది."

"వాణ్ణి ఎక్కిస్తే బండి మళ్లీ లేస్తాదా నాయనా?" అన్నాడు ఇంకొకడు. బోర్డు మీద కట్టి ఉన్న కాపరి కూడా నవ్వబోయి పళ్లు బిగించాడు.

అయిదుగురు ఎక్కారు. బండి కుంగింది. కమాన్ కట్టలు మొదటిసారి వంగడం స్టీరింగులో తెలిసింది. మలుపుల్లో పట్టు ఉంది, గుంతల్లో దెబ్బ లేదు. కిటికీలోంచి వెనక్కి అడుగుతూ వచ్చాను.

"బొటనేలు?"

"కదుల్తాంది నాయనా." భార్య గొంతు.

"బొటనేలు?"

"కదుల్తాంది. నువ్వు ముందుకు చూసి పోనీ." ఈసారి అన్న.

దోర్నాల కూడలిలో పందిరి దగ్గర సూపర్‌వైజరు చేతులు అడ్డం పెట్టి బండి ఆపాడు. పక్కన కానిస్టేబుల్. వేదిక మీద అతిథి మాట్లాడుతున్నాడు. కెమెరాలు మా వైపు తిరిగాయి. కాంట్రాక్టరు తెల్లచొక్కాతో పరిగెత్తుకొచ్చి తలుపు తీశాడు.

"ఏందిది? జనాన్ని గొర్రెల్ని కుక్కినట్టు కుక్కినావు! ఫోటోలు తీస్తాండారు. దింపు."

"వీళ్లు బరువు సార్. బస్తాలు మీరు తీసుకుపోయినారు."

"తోడు ఒక్కరే. రూలు నీకు తెలీదా?" అన్నాడు కానిస్టేబుల్.

"తెలుసు. ఐతే బస్తాలియ్యండి. అవిగో, ఆ గుంజకే ఉన్నాయి. రెండన్నా ఇయ్యండి."

"గాలి చూసినావా?" అన్నాడు కాంట్రాక్టరు. "పందిరి కూలి గెస్టు మీద పడితే నువ్వు మోస్తావా?"

నేను వాదించాను. నిబంధన ఎవరి కోసం పుట్టిందో చెప్పాను. రోగి కోసం పుట్టిన నిబంధన రోగికే హాని చేస్తున్నప్పుడు దాన్ని ఎవరి పేరిట పాటిస్తున్నారని అడిగాను. కానిస్టేబుల్ కాపరులకు దిగమని చెయ్యి చూపాడు. కాంట్రాక్టరు తలుపు తెరిచే పట్టుకున్నాడు.

"జనరల్ సాబ్," అన్నాడు అన్న లోపలినుంచి, "గెల్చేదాక వాదిస్తావా? ఈయనకి టైము లేదు. పోనీ."

కాపరులు దిగారు. భార్యను ఉండనిచ్చారు. భారీ మనిషి దిగుతూ, తానేదో తప్పు చేసినట్టు తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. బండి వెనక భాగం పైకి లేచింది.

నెమ్మదిగా వెళ్లలేకపోయావా అని మీరు అడుగుతారు. వెళ్లాను. సైకిళ్లు మమ్మల్ని దాటిపోయాయి. గాలి ఇంకొంత తీశాను. అంతకు మించి తీస్తే రిమ్ము గుంత అంచుకు కొడుతుంది, అది మరింత పెద్ద దెబ్బ. కల్వర్టు పని జరుగుతున్నచోట తారు లేదు. మట్టి దారి, ఎండి గట్టిపడ్డ చక్రాల గాడులు. ముందు చక్రాలను పాకించినట్టు దింపాను. వెనక చక్రాలు దిగలేదు. ఎగిరి పడ్డాయి. లోపల ఇనుము ఇనుమును కొట్టిన చప్పుడు. కాపరి ఒక్కసారి అరిచాడు.

"బొటనేలు?"

జవాబు రాలేదు. బండి ఆపాను.

"ఏమయ్యా, ఏలు ఆడించు" అంది భార్య.

"ఆడిస్తానే ఉండా గదే" అన్నాడు కాపరి.

ఆమె అతని పాదం వైపు చూసింది. అన్న వైపు చూసింది. అన్న నాతో ఒక్క మాటే అన్నాడు. "పోనీ."

మార్కాపురం ఆసుపత్రిలో డాక్టరు జాగ్రత్తగా మాట్లాడాడు. పడినప్పుడే నరం నలిగి, వాపు తర్వాత పెరిగి ఉండవచ్చు. దారిలోని కుదుపు కూడా కారణం కావచ్చు. విడదీసి చెప్పలేం.

కాంట్రాక్టరు ఆ మొదటి వాక్యాన్ని పట్టుకున్నాడు. రుజువుందా అని అడిగాడు. లేదు. నిరూపించలేనిదాన్ని నేను ఆరోపించను. నాకు తెలిసింది చెబుతాను. ఘాట్ దిగేటప్పుడు వేళ్లు ఆడాయి. కల్వర్టు తర్వాత ఆడలేదు. మధ్యలో అయిదుగురు మనుషులు దిగారు, ఎందుకంటే ఫోటోలో బాగుండరు. ఆరు బస్తాల ఇసుక ఒక గుడ్డ పందిరిని కదలకుండా నిలబెట్టింది, ఎందుకంటే దాని కింద ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఆ పెద్దమనిషికీ, కాంట్రాక్టరుకూ కుదుపు అంటే ఏమిటో తెలుసు. తమ కార్లను వారు ఆ జ్ఞానంతోనే కొనుక్కుంటారు. అంబులెన్సు దగ్గరకు వచ్చేసరికే మెత్తదనం విలాసమవుతుంది, కంట్రోలు అడ్డం వస్తుంది, రూలు గుర్తొస్తుంది. రోగిని సరుకుల ఛాసిస్ మీద కట్టి పంపే పద్ధతిని ఎవరూ నేరం అనరు. నేను అంటున్నాను.

మర్నాడు తాళాలు సూపర్‌వైజరు చేతిలో పెట్టాను. ఆయన కారణం అడగలేదు. అన్న గిద్దలూరు బస్సెక్కాడు. ఎక్కేముందు నా భుజం తట్టి, "కప్పులు బీరువాలో పెట్టు గానీ, నోరు పెట్టొద్దు" అన్నాడు. నేను కొనకనమిట్ల చేరాను. మా నాయన కూడా మంచు గురించే అడిగాడు. చెప్పాను. ఇది మాత్రం ఇప్పుడు రాస్తున్నాను.

ఆ రోజు ఊరికి బయలుదేరే ముందు మార్కాపురం ఆసుపత్రికి వెళ్లాను. కాపరి పైకప్పు వైపు చూస్తూ, మేకలను ఎవరు తోలుకొచ్చారో, చూడి మేక ఎట్ల ఉందో భార్యను అడుగుతున్నాడు. ఆమె కాళ్ల దగ్గర కూర్చుని అన్నిటికీ జవాబు చెబుతోంది. దుప్పటి బయట ఉన్న అతని అరికాలి మీద ఒక ఈగ నడుస్తోంది. మడమ నుంచి వేళ్ల దాకా నడిచింది. పాదం కదల్లేదు. ఆమె చూసి, మాట ఆపకుండా, కొంగు అంచుతో మెల్లగా తోలింది. అతనికి తెలియలేదు. ఈగ మళ్లీ వచ్చి వాలింది.