పొగ రాని చిమ్నీ

రైలు కిటికీలోంచి పవర్ ప్లాంటు చిమ్నీలు కనిపిస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు బరువెక్కుతుంది.

తొంభైల్లో ఒక వేసవి. అమ్మా నేనూ విజయనగరం నుంచి తిరిగొస్తున్నాం. మా ఊరు భిలాయి-3 దగ్గరపడి చిమ్నీలు కనబడగానే బోగీలో అందరూ సామాన్లు సర్దుకోసాగారు. ఆ ప్లాంటులోనే బాయిలర్లు బాగుచేసే నాన్న స్టేషన్‌కి వస్తానన్నాడు. ఆరోజు ఒక చిమ్నీ నుంచి పొగ రావడం లేదు.

"అమ్మా, చిమ్నీ ఆగిపోనాది! నాన్నకి సెలవు!" అని గెంతాను.

అమ్మ మొహం వాడిపోయింది. "సెలవేటే? బాయిలర్ ఆగితేనే మీ నాన్నకి రేయింబవళ్లు పని" అంది. నేను నమ్మలేదు.

స్టేషన్‌కి నాన్న రాలేదు. మర్నాడు సాయంత్రం ఇంటికొచ్చాడు, కనురెప్పల దాకా బూడిదే. అన్నం ముద్ద చేతిలో ఉండగానే గోడకి ఒరిగిపోయాడు.

"సెలవిస్తే ఎక్కడాడినావు నాన్నా?" అనడిగాను.

కళ్లు తెరవకుండానే నవ్వాడు. "బాయిలర్లోనమ్మా."

అమ్మ నవ్వలేదు. ముద్ద తీసి కంచంలో పెట్టి, తడిగుడ్డతో ఆయన వేళ్లు తుడిచింది.

ఇప్పుడు నేనూ డ్యూటీ నుంచొచ్చి చెప్పులు విప్పకుండానే మంచమ్మీద వాలిపోతుంటాను. పిల్లలు ఏదో అడుగుతారు. ఆరోజు నవ్వడానికి నాన్న ఎంత ఓపిక కూడగట్టుకున్నాడో అప్పుడు తెలుస్తుంది.