శనివారం గడిలో ముందే రాసిన మాట

పోయిన నెల ఏలూరు పవర్‌పేట స్టేషను దగ్గర జిరాక్సు షాపులో, నా ఫోనుకు వచ్చిన నాలుగు పేజీల ఫారం ప్రింటు తీయించుకుంటూ ఉంటే, షాపతను తిరగేసి చూసి, ఈ వయసులో మళ్లీ పరీక్ష రాస్తున్నారా ఏవండీ అని నవ్వాడు. నేనూ నవ్వాను గానీ, ఇంటికి వచ్చి మూడో పేజీ చదివాక ఆ నవ్వు నిలవలేదు. నేను ఉద్యోగమంతా గడిపిన అణు విద్యుత్ కేంద్రంలో, ఇక్కడికి చాలా దూరంలో వేరే రాష్ట్రంలో, పాత యూనిట్‌ను శాశ్వతంగా ఆపేశారు. ఇక దాన్ని విప్పి తీసేయాలి. పాత ఇల్లు పడగొట్టినట్టు కాదది. రేడియోధార్మిక నీరు ఎప్పుడెక్కడ ఒలికిందో, దేని మీద సిమెంటు పూసి మూశారో, ప్రతి చోటూ డ్రాయింగు మీద గుర్తు పెట్టి చూపిస్తే తప్ప అక్కడ సుత్తి వేయడానికి అనుమతి రాదు. రిజిస్టర్లు చాలకపోతే రిటైరైనవాళ్లను కూడా అడగాలట. రిజిస్టరులో ఎక్కని ఒలుకులు మీకేమైనా గుర్తున్నాయా అని ఆ పేజీలో ప్రశ్న.

గుర్తుంది. ఒకటే ఒకటి. ఎక్కించనివాణ్ణి నేనే.

మన తరంలో ఆఫీసు పని చేసినవాళ్లకు రఫ్ పుస్తకం సంగతి చెప్పనక్కర్లేదు. మా రేడియేషన్ భద్రతా విభాగంలో ఏం జరిగినా అప్పటికప్పుడే పెద్ద రిజిస్టరులో రాయాలని నియమం. మేమేమో పెన్సిలుతో రఫ్ పుస్తకంలో గీసుకుని, వారానికోసారి శనివారం పూట కూర్చుని సిరాతో ఫెయిర్ చేసేవాళ్లం. నా దస్తూరీ బాగుంటుందని ఆ పని నాకే వచ్చింది. కొట్టివేత లేని పేజీ అంటే నాకు ఎంత గర్వమో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ రోజుల్లోనే ఒకసారి తాడేపల్లిగూడెంలో మా అక్క కూతురి ఓణీల వేడుక వచ్చింది. మేనమామను నేనొక్కణ్ణే, ఓణీ నా చేతి మీదుగానే ఇవ్వాలి. శనివారం మధ్యాహ్నం బండి. అందుకని శుక్రవారమే వారమంతా ఫెయిర్ చేసేసి, ఇంకా తెల్లారని శనివారం గడిలో కూడా 'విశేషం లేదు' అని రాసి పెట్టుకున్నాను. శనివారం పొద్దున్న పంపు గదిలో ఒక వాల్వు దగ్గర కారి నేల మీద మడుగు కట్టింది. మా ఆవిడ తమ్ముడు అప్పుడు అక్కడే కాంట్రాక్టు హెల్పరు. అతనూ నేనూ కలిసి తుడిచాం. ఎంత తుడిచినా ఒక పగులు దగ్గర రేడియేషన్ మీటరు ఊరుకోలేదు. నేల పైపొర కాస్త చెక్కి, త్వరగా గట్టిపడే సిమెంటు పూసి, ఆరాక అతను రంగు వేశాడు. మీటరు సద్దుమణిగింది. ఇక రిజిస్టరులో ఆ రెండు మాటలు కొట్టేసి నిజం రాయాలి. రాస్తే ముందురోజే రాసిపెట్టిన సంగతి బయటపడుతుంది. వచ్చాక చూద్దాంలే అనుకుని బండెక్కాను.

ఓణీ ఇచ్చాను, విందు భోజనం చేశాను, అందరూ నాకు ఎంతో మర్యాద చేశారు. తిరిగి వెళ్లేసరికి తనిఖీవాళ్లు వచ్చి ఆ పేజీ కింద సంతకం పెట్టి, రిజిస్టరు ఇంత శుభ్రంగా ఉంచినందుకు మెచ్చుకుని వెళ్లారు. సంతకం పైన కొట్టివేత పెట్టే ధైర్యం నాకు లేకపోయింది. రఫ్ పుస్తకాలు ఆ ఏడాది చివర ఎప్పటిలాగే చింపి పారేశాం.

ఫారం వచ్చిన మర్నాడే గణపవరం బస్సెక్కాను. మా బావమరిది ఇప్పుడు అక్కడ చేపల చెరువు చూసుకుంటున్నాడు. పడవలో తిరుగుతూ చేపల మేతకని చిల్లులు పెట్టిన తవుడు సంచులు కర్రలకు కడుతున్నవాడు నన్ను చూసి గట్టుకు వచ్చాడు. కొబ్బరి నీళ్లు కొట్టించి ఇచ్చాడు, అక్క కుశలం అడిగాడు. నేను సంగతి చెప్పి, మనం సిమెంటు పూసిన చోటు తలుపుకు ఎడమ వైపు, పంపు దిమ్మ పక్కనే కదా అన్నాను.

"కాదండీ బావగారూ. ఇనప మెట్ల కిందండీ. వంగి రంగేస్తే నడుం పట్టేసింది నాకు."

పంపు దిమ్మ దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నది నాకు బాగా గుర్తు. మెట్ల కింద వంగినది అతనికి బాగా గుర్తు. ఇద్దరం తవుడు బస్తాల మీద కూర్చుని పుల్లతో మట్టిలో ఆ గది గీశాం, చెరిపాం, మళ్లీ గీశాం. చివరికి అతనే, తప్పు పడుతున్నట్టు కాక, ఉన్నమాట చెబుతున్నట్టుగా అన్నాడు:

"రాయాలి కదండీ అని ఆరోజే అడిగానండీ. మీరే అక్కర్లేదన్నారు."

అడిగినట్టు నాకు గుర్తే లేదు. అది కూడా మరచిపోయాను.

రెండు చోట్లూ గీసి, శనివారం గడి సంగతి దాచకుండా రాసి పంపాను. ఆ కేంద్రంలో ఈ పని చూస్తున్న అమ్మాయి, మన తెలుగమ్మాయే, ఫోను చేసి, చెప్పినందుకు సంతోషమండీ అంది. నన్ను తిడుతుందేమోనని ఎదురుచూశాను గానీ ఒక్క మాట అనలేదు. రెండు వారాలాగి మళ్లీ చేసింది. రెండు చోట్లా నేలను తొలిచి చూశారట, ఏమీ దొరకలేదట. తరవాతి రోజుల్లో ఆ నేల మీద ఇంకో పొర కాంక్రీటు పడిందట, మెట్లు కూడా ఓసారి జరిపారట. ఇంకేమైనా గుర్తొస్తే చెప్పండి అంది. గది మొత్తాన్నీ అనుమానపు జాబితాలో పెట్టారు. ఒక్క జానెడు చోట చేయాల్సిన పని ఇప్పుడు గదంతా చేయాలి, మాస్కులు బిగించుకుని, లోపల ఉండే గంటలు లెక్కపెట్టుకుంటూ, జానెడు జానెడుగా.

ఇప్పుడక్కడ మీటరు చూపించినది చూపించినట్టు గంటా నిమిషంతో సహా కంప్యూటరులోకి వెళ్లిపోతుందట. రేపటి రోజును ఇవాళే రాసుకునే వీలు ఎవరికీ లేదు, దస్తూరీ బాగుందని మెచ్చుకునేవాళ్లూ లేరు. మంచిదే. మా కాలంలో మనిషిని నమ్మి పుస్తకం చేతిలో పెట్టేవారని ఇన్నాళ్లూ గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఈ నెల నుంచి ఆ మాట అనడం మానేశాను. ఆ గదిలో దిగబోయే కుర్రాళ్లు ఏ ఊరివాళ్లో నాకు తెలియదు. వాళ్ల సుత్తి ఎక్కడ పడకూడదో రాసి ఉంచాల్సిన మనిషిని నేనే, నాకే తెలియదు.