పసుపంటిన ఎండురొయ్య

బందరు చిలకలపూడి నుంచి అత్తయ్య కోడలు ఫోన్ చేసేసరికి నేను గుడివాడలో మా ఇంట్లో బియ్యం ఏరుకుంటున్నాను. "వదినగారూ, అత్తయ్య వెళ్ళిపోయారండీ. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టారు, అలాగే గోడకి వాలిపోయారు" అంది. ఏరిన బియ్యం, ఏరని బియ్యం కలిపేసి లేచాను. బస్సు బందరు చేరేదాకా ఒక్క చుక్క కన్నీరు రాలేదు. వాళ్ళ వీధి మలుపు తిరిగాక, అరుగు మీద ఆవిడ కూర్చునే చాప చుట్టి గోడకి నిలబెట్టి కనిపించింది. అప్పుడొచ్చింది ఏడుపు.

ఆవిడ నాకు చుట్టం కాదు. నా పెళ్ళి కాకముందు మా ఇల్లు, వాళ్ళ ఇల్లు ఎదురెదురు. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చుని అందరి చేతా మాటలు పడుతున్న రోజుల్లో ఆవిడే పిలిచి రోల్డుగోల్డు పనిలో కూర్చోబెట్టింది. వెంట్రుకంత తీగను చుట్టి, తెంపి, గొలుసు అల్లే పని. అల్లిన ప్రతి గొలుసునూ తన మెడలో వేసుకుని గుమ్మం దాకా నడిచి వచ్చేది. "వేసుకోకుండా అమ్మితే ఎలాగే? ఎక్కడ గుచ్చుకుంటుందో మనకేం తెలుస్తుంది?" అనేది. ఆ ఒక్క అలవాటే మమ్మల్ని చేపల పోటీ దాకా తీసుకెళ్ళింది.

ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు, దివిసీమలో కరకట్ట పనికి వచ్చిన ఒక ఇంజినీరు గారు బందరులో కాపురం పెట్టారు. ఆయన భార్య ఊటీ కొండల్లో పెరిగిన మనిషి. ఒకరోజు ఆవిడ చిన్న డబ్బా పట్టుకుని అత్తయ్య దగ్గరికి వచ్చారు. డబ్బాలో ఒక గాలపు ముల్లు, దానికి ఈకలు కట్టి ఉన్నాయి. నీటి మీద పురుగులా, నీటిలో చేపపిల్లలా కనబడుతుందట. ఎర అక్కర్లేదట. వాళ్ళ కొండల్లో దీనితోనే చేపలు పడతారట. "ఇలాంటిది మీ తీగతో కట్టగలరా?" అని అడిగారు.

అత్తయ్య రెండు రోజుల్లో డజను కట్టింది. కోడిపుంజుల మెడ ఈకలు తెప్పించి, రోల్డుగోల్డు తీగతో బిగించి, పుంజుల రంగుల పేర్లే వాటికీ పెట్టింది. ఎర్రది డేగ, నల్లది కాకి, రంగులు కలిసింది నెమలి. ఇంజినీరు గారి భార్య ముచ్చటపడి తీసుకోబోతే అత్తయ్య డబ్బా ఇవ్వలేదు. "చేప పట్టిందో లేదో చూడకుండా ఎలా ఇస్తానండీ?" అంది. ఆవిడకి నవ్వాగలేదు. "అయితే మీరే నేర్చుకోండి" అన్నారు.

అలా మా వీధిలో గాలం బడి మొదలైంది. సన్నటి వెదురుబద్ద కర్ర, దానికి బరువైన దారం. కర్రను వెనక్కి విసరాలి, దారం వెనకాల సాగేదాకా ఆగాలి, అప్పుడు ముందుకు విసరాలి. వీధి మధ్యలో ఇత్తడి పళ్ళెం పెట్టి, ఈక అందులో వాలేలా వేయడం మా పాఠం. "నీళ్ళు లేని చోట చేపలు పడుతున్నావేంటి పిన్నీ?" అని పోయేవాళ్ళు నవ్వేవారు. "నీళ్ళ దగ్గరికెళ్ళాక నేర్చుకుంటే చేపలు నవ్వుతాయిరా" అనేది అత్తయ్య. ఒకసారి నేను తొందరపడి విసిరితే ముల్లు వెళ్ళి ఆవిడ చెవి జూకాకి తగులుకుంది. నేను హడలిపోయాను. ఆవిడ మెల్లగా విడదీసుకుని, "మన జూకా గట్టిదేనే, ఊడి రాలేదు" అంది. తర్వాత నా మణికట్టు పట్టుకుని ఒకే మాట చెప్పింది. "వెనక్కి వెళ్ళిన దారానికి దాని టైము ఇవ్వు."

కరకట్ట ఆఫీసు క్లబ్బువాళ్ళు ఏటా దివిసీమలో ఉప్పుటేరు మీద ఈకగాలం పోటీ పెట్టేవారు. అంతా మగవాళ్ళే. ఆ ఏడు ఇంజినీరు గారి భార్య పట్టుబట్టి తనతో కలిపి మా ముగ్గురి పేర్లూ రాయించారు. క్లబ్బు సెక్రటరీ గారు మర్యాదగానే చెప్పారు. "ముచ్చటపడ్డారు, రండమ్మా. పన్నెండింటి దాకా టైము. ఈక తప్ప ఎర ఉండకూడదు. మీ ముగ్గురికీ కలిపి ఒక్క చేపైనా పడకపోతే మాత్రం వచ్చే ఏడు నుంచి ఆడవాళ్ళ పేర్లు రాసుకోం. ఏమీ అనుకోకండి."

"అనుకోడానికేముందండీ, పడితే రాసుకుంటారుగా?" అంది అత్తయ్య.

ఆవిడ పుట్టిల్లు దివిసీమే. ఉప్పెనలో ఆ ఇల్లూ, ఇంట్లోవాళ్ళూ లేకుండా పోయారు. ఏటి గట్టు మీద నిలబడ్డాక నాకు భయమేసి అడిగాను, "ఈ నీళ్ళ మీద కోపం రాదా అత్తయ్యా?" అని. చీర కుచ్చెళ్ళు దోపుకుంటూ, "నీళ్ళకేం తెలుసే?" అంది. అంతకు మించి ఆవిడ ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆరింటికి మొదలుపెట్టాం. పది దాటినా మాకు ఒక్కటీ పడలేదు. అటు మగవాళ్ళ వైపు మాటిమాటికీ కేకలు. అత్తయ్య తనతో తెచ్చిన క్యారేజీ విప్పి, వంకాయ ఎండురొయ్యల కూర కలిపి ముద్దలు పెట్టింది. నేను గబగబా తిని ముందు లేచాను. లేచేటప్పుడు ఒక రొయ్య చేతిలో ఉంచుకున్నాను. చిన్నప్పుడు కాలవ గట్టున ఏది దొరికితే అది ముల్లుకి గుచ్చిన అలవాటు అని చెప్పుకోవచ్చు. కానీ అది నిజం కాదు. కావాలనే గుచ్చాను. ఈ ముగ్గురమ్మలూ ఉత్త చేతులతో వెళ్ళారని నలుగురూ నవ్వుతారని గుచ్చాను.

రెండో విసురుకే కర్ర వంగిపోయింది. పండుగప్ప! చేయంత పొడుగు. ఇంజినీరు గారి భార్య ఎగిరి గంతేశారు. మగవాళ్ళు పరుగున వచ్చారు. సెక్రటరీ గారు త్రాసు తెస్తూనే "ఇప్పటిదాకా పడినవాటిలో ఇదే పెద్దదమ్మా" అన్నారు. అత్తయ్య వంగి చేప నోట్లోంచి ముల్లు తీసింది. తీసి, ఒక్క క్షణం అలాగే చూసింది. ముల్లు వంపులో ఎండురొయ్య ముక్క. పసుపు పచ్చగా, ఆవిడ వండిన కూరలోని పసుపు. ఏటి రొయ్యకి పసుపెవరు రాస్తారు?

ఆవిడ నా వైపు చూడలేదు. ముక్కను వేలితో లాగి గుప్పిట్లో పెట్టుకుని, "సెక్రటరీ గారూ, ఇది రాయకండి. గాలానికి ఎర తగులుకుంది" అంది.

"అయ్యో! ఎవరిదమ్మా ఆ గాలం?"

"మా జట్టుదండీ" అంది. చేపను రెండు చేతులతో ఎత్తి ఏట్లో దింపింది. అది కాసేపు ఆవిడ చేతుల మధ్యే ఆగి, తోక విదిల్చి వెళ్ళిపోయింది. ఇంజినీరు గారి భార్య ముఖం తిప్పుకున్నారు. నాకు ఆ ఏట్లోనే దూకాలనిపించింది.

గంట కూడా మిగల్లేదు. అత్తయ్య తన కర్ర నా చేతిలో పెట్టింది. డేగ ఈక కట్టి ఉంది దానికి. "నేను వేయలేనత్తయ్యా" అన్నాను. "చెయ్యి నొప్పెడుతోందే నాకు. నువ్వే వెయ్యి" అంది. నొప్పీ లేదు, ఏమీ లేదు. విసిరాను. దారం వెనక్కి సాగేదాకా ఆగాను. మళ్ళీ విసిరాను, మళ్ళీ ఆగాను. పన్నెండుకి ఇంకా కొద్ది నిమిషాలున్నాయనగా దారం చిన్నగా లాగింది. పైకి తీస్తే నా అరచేతిలో సరిపోయే పండుగప్ప పిల్ల.

సెక్రటరీ గారు దాన్ని త్రాసుకి తగిలించి కళ్ళజోడు సవరించుకున్నారు. "త్రాసు ముల్లు కదలట్లేదమ్మా."

"ముల్లు కదలకపోతే ఏమండీ, చేప కదులుతోందిగా" అంది అత్తయ్య.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వి, పుస్తకంలో మా పేర్ల ఎదురుగా ఒకటి అని రాశారు. అందరికంటే ఆఖరున నిలిచాం. మరుసటి ఏడు ఏడుగురు ఆడవాళ్ళం వెళ్ళాం.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆవిడ పక్కనే కూర్చున్నాను. బస్సు మోపిదేవి దాటింది. తిడుతుందేమోనని ఎదురుచూస్తున్నాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది. ఆవిడ నా చెవి దగ్గరికి వంగి, "కూరలో ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది. అడిగి కిటికీలోంచి చేల వైపు చూస్తూ నవ్వుకుంది. ఆ సంగతి ఆవిడ బతికున్నన్నాళ్ళూ మూడో మనిషితో అనలేదు. నా పెళ్ళయ్యాక కూడా ఎప్పుడు వెళ్ళినా ఆ కూరే వండేది, వడ్డించి ఆ ప్రశ్నే అడిగేది. నేను తలవంచుకుని నవ్వేదాన్ని. ఆ రోజు నలుగురిలో నా పేరు చెప్పి ఉంటే మళ్ళీ ఏ పనికీ ముందుకొచ్చేదాన్ని కాదు. ఈ రోజు నా కాళ్ళ మీద నేను నిలబడ్డానంటే ఆవిడ చలవే.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆవిడకి ఇష్టమైనవన్నీ వండారు. కోడలు నా విస్తట్లో వంకాయ ఎండురొయ్యల కూర వేసి, గిన్నె చంకన పెట్టుకుని నిలబడింది. ఆ పిల్లకి ఏమీ తెలియదు. "అత్తయ్య చెప్పినట్టే చేశానండీ. ఉప్పు సరిపోయిందా వదినగారూ?" అని అడిగింది.

అలవాటుగా తలవంచుకున్నాను. విస్తట్లో తెల్లటి అన్నం పక్కన పసుపంటిన రొయ్య ఒకటి, గాలపు ముల్లులా వంగి ఉంది.