నూట ఇరవై కిలోల బస్తా

మా ఊళ్ళో నా పేరు బస్తా. ఎవరార్డ్ కార్టీ అని చర్చి పుస్తకంలో రాసి ఉంది కాని, ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే నేనే వెనక్కి తిరిగి ఎవర్ని పిలుస్తున్నారా అని చూస్తాను. బడి పిల్లలు కూడా "బస్తా మావా, రెండు రొట్టెలు" అనే అడుగుతారు. నాది రొట్టెల కొట్టు. కాల్చినవాటిలో అమ్మినవెన్నో, తిన్నవెన్నో నా ఒళ్ళు చూస్తే తెలిసిపోతుంది. నూట ఇరవై కిలోలు. మొన్న డాక్టరమ్మ నూట ఇరవై నాలుగు అంది కాని, ఆ రోజు నేను బూట్లు వేసుకుని ఉన్నాను.

ఈ ఒళ్ళు నాకు ఇంట్లో తిట్లు తెచ్చిపెట్టింది, పడవలో చోటు తెచ్చిపెట్టింది. ఈ ఆంగ్విల్లా దీవిలో పుట్టినవాడు తల్లి ఊరు మరిచిపోయినా మరిచిపోతాడేమో గాని, పడవ పందెం మరిచిపోడు. మా పందెం పడవలకు ఇంజను ఉండదు, నెత్తిన నీడ ఉండదు. ఉన్నదంతా ఆకాశమంత తెరచాప. గాలికి ఎదురు వెళ్ళేటప్పుడు పడవ పక్కకు పడిపోకుండా అడుగున బరువు కావాలి. అందుకని ఇనుప దిమ్మలు పేరుస్తాం, ఇసక బస్తాలు వేస్తాం, నాలాంటి వాళ్ళను కూర్చోబెడతాం. దూరాన తేలే ఎర్ర పీపా చుట్టూ తిరిగి గాలివాలున ఇంటి దారి పట్టాక అదే బరువు శని అయి కూర్చుంటుంది. అప్పుడు ముందు ఇసక బస్తాలు నీళ్ళలోకి పోతాయి. తర్వాత మనుషులు. కెప్టెన్ పేరు పిలుస్తాడు, పిలిపించుకున్నవాడు దూకుతాడు. వెనకాల వచ్చే మోటారు పడవవాళ్ళు ఏరుకుంటారు. ఇందులో నామోషీ ఏమీ లేదని ఇరవై ఆరేళ్ళుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను.

ఏటా ఆగస్టులో ఒకటి చొప్పున ఇరవై ఆరు పందేలు. మా పడవ 'అడీనా' పదకొండుసార్లు గెలిచింది. గెలుపు గీత దాటేటప్పుడు ఒక్కసారి కూడా నేను అందులో లేను. మిగతావాళ్ళు భుజాల మీద ఊరేగుతుంటే, నేను తడి నిక్కరుతో మోటారు పడవలోంచి దిగి, ఎవరు గెలిచారని అడిగేవాణ్ణి. కొట్టు గోడ మీద పదకొండు ఫోటోలు వరసగా తగిలించుకున్నాను. ఒకదాంట్లో పడవ వెనక, సముద్రంలో ఒక నల్లచుక్క ఉంటుంది. అది నేనే అని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాను. మా ఆవిడ ఇల్మా మాత్రం అది కొంగ అంటుంది.

ఈ ఏడు నాకు అరవై రెండు. మోకాళ్ళు ఇక చాలన్నాయి, డాక్టరమ్మ కూడా వాటి పక్షమే చేరింది. కెప్టెన్ క్లీవన్ ఇల్మాకు తమ్ముడు. నిలువునా తడిసినా అరవై కిలోలు దాటడు. జులై మొదట్లో కొట్టు గుమ్మంలో కూర్చుని వేడి రొట్టె తుంచుకుంటూ అన్నాడు: "ఇదే ఆఖరు పందెం కదా బావా. ఈసారి నిన్ను దించను. గీత దాకా దర్జాగా కూర్చో." సరిగ్గా వినపడలేదని మళ్ళీ చెప్పించుకున్నాను. బాగా వినపడ్డా మూడోసారి కూడా చెప్పించుకున్నాను. ఆ రోజు వాడు తిన్న రొట్టెలకు లెక్క అడగలేదు.

అప్పటినుంచి నేను మనిషిని కాను. పిండి పిసుకుతూ గీత దాటేవాణ్ణి, పొయ్యి ఊదుతూ గీత దాటేవాణ్ణి. దాటేటప్పుడు చెయ్యి ఎలా ఊపాలో అద్దం ముందు చూసుకుంటుంటే ఒకసారి ఇల్మా చూసింది. ఈగలు ముసురుతున్నాయా అని అడిగింది.

పందెం సోమవారమనగా బుధవారం పొద్దున రేడియోలో తుఫాను కబురు వచ్చింది. రేపు సాయంత్రానికి మా నెత్తిన ఉంటుందట. తుఫానంటే అందరికీ భయం, నాకు మాత్రం గిరాకీ. తొమ్మిదింటికల్లా కొట్టు ముందు వరస చర్చి దాకా వెళ్ళింది. మామూలు రోజుల్లో నా రొట్టె రాయిలా ఉందనే ముసలమ్మలు, రాయిలా ఉంటేనే నిలవుంటుందని ఆరేసి పట్టుకుపోయారు. ఇటు మగవాళ్ళు పందెం పడవలన్నిటినీ ఒడ్డుకు లాగి, గాలికి ఎగిరిపోకుండా వాటిలో సగానికి ఇసక పోశారు. మేకల్ని లోపల కట్టేశారు. కప్పు మీది వాన నీళ్ళు సంపులోకి దిగే గొట్టాలు ఊడదీసి, మూతి గుడ్డలతో బిగించారు. మా ఇళ్ళలో తాగినా, వండినా, స్నానం చేసినా ఆ సంపు నీళ్ళే. తుఫాను ఎగరేసుకొచ్చే ఉప్పునీరు ఒక్కసారి పడిందంటే మళ్ళీ వానలు పడేదాకా నాలుక పిడచ కట్టుకు తిరగాల్సిందే.

కిటికీలకు కొట్టే ప్లైవుడ్ చెక్కల మీద నేను ప్రతి ఏడూ అంకెలు వేస్తాను. ఏ చెక్క ఏ కిటికీదో తెలియాలని. ఏ కిటికీ ఏ అంకో మాత్రం ఎక్కడా రాసుకోను. మధ్యాహ్నమంతా నిచ్చెన మీద చెక్కలు అటూ ఇటూ మారుస్తూ ఉన్నాను. అలా పైనుంచి చూస్తున్నప్పుడే వంటగది రేకులు కనిపించాయి. పాతవి, అంచుల్లో కాస్త లేచి ఉన్నాయి. వాటిని చూడగానే నాకు తెలివి పుట్టింది. నాకు తెలివి పుట్టిన రోజుల్ని ఇల్మా పండగల్లాగా తారీఖులతో గుర్తుపెట్టుకుంటుంది.

పడవ ఇనుప దిమ్మలు ఏడాది పొడుగునా మా ఇంట్లోనే ఉంటాయి. మొత్తం పన్నెండు. వాటిని ఎత్తుకుపోగలిగేవాణ్ణి ఊళ్ళో నేనొక్కణ్ణే కాబట్టి నాకే అప్పజెప్పారు. ఆరు అప్పటికే పడవ దగ్గరికి చేరాయి. మిగిలిన ఆరూ ఒక్కొక్కటే భుజాన పెట్టుకుని నిచ్చెన ఎక్కి రేకుల మీద పేర్చాను.

ఇల్మా కింద నుంచి నడుం మీద చేతులు వేసుకుని చూస్తోంది. "ఏవయ్యా, ఆ ఇనుము అక్కడెందుకు?"

"గాలికి రేకులు లేవకుండా."

"రేకులకి మేకులున్నాయిగా. నీ బుర్రకే లేవు."

ఆడవాళ్ళకు బరువు సంగతులు తెలియవని నాలో నేను అనుకున్నాను. పైకి అనలేదు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో అంతమాత్రం నేర్చుకున్నాను.

గురువారం సాయంత్రం తుఫాను మా వైపు చూసి, ఏమనుకుందో, ఉత్తరానికి తిరిగి వెళ్ళిపోయింది. గాలి లేదు, పాడూ లేదు. ఒక జల్లు పడింది అంతే. నేను వరండాలో కాళ్ళు బారజాపుకుని, చూశావా నా దిమ్మలకు జడిసి పారిపోయిందని ఇల్మాతో అంటూ ఉన్నాను. వంటగది మీద ఏదో జరజరా జారిన చప్పుడైంది. వాలు రేకులు, పైగా తడి. మొదటి దిమ్మ కిందున్న సంపు చెక్కమూత మీద పడి దాన్ని రెండు ముక్కలు చేసింది. మిగిలిన ఐదూ దాని వెనకే, బడి వదిలిన పిల్లల్లాగా ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్ళలోకి దిగాయి. ఊళ్ళో తుఫాను నష్టం జరిగిన ఇల్లు మాదొక్కటే.

క్లీవన్ సన్నటి కుర్రాళ్ళను ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నేను దిగుదామంటే సంపు నోట్లో నా తొడ కూడా పట్టదు. పట్టినా లాభం లేదు. బరువు తప్ప ఇంకెందుకూ పనికిరాని నేను, నీళ్ళలో పడితే బెండులా తేలతాను, మునగను. సన్నవాళ్ళు చొక్కాలు విప్పారు. అప్పటికే ఇల్మా సంపు నోటి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది.

"అక్కా, అయిదు నిమిషాల పని," అన్నాడు క్లీవన్.

"మీ పందెం ఒక్క పూట. నా నీళ్ళు అక్టోబరు దాకా. తాగే నీళ్ళలో మగాళ్ళ కాళ్ళా? ఇనుము పడితే తుప్పు ఒక్కటే. మీరు పడితే ఏవేం కలుస్తాయో నాకు తెలీదు. చొక్కాలు తొడుక్కోండి."

వాడుకలో ఉన్న సంపులోకి మనిషి దిగడం మా దగ్గర ఎవరూ ఒప్పుకోరు. క్లీవన్‌కీ ఆ సంగతి తెలుసు. ఇంకెవరి ఇంట్లోనైనా వాడే అడ్డుపడేవాడు. నన్ను రోడ్డు దాకా తీసుకెళ్ళి, చెప్పుల వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"బావా, నీకిచ్చిన మాట... దిమ్మలన్నీ ఉంటేనే అన్నాను కదా. ఇప్పుడు వెళ్ళేటప్పుడే వెనకబడతాం, వచ్చేటప్పుడు బరువు దించక తప్పదు."

వాడు అలా అనలేదు. మూడుసార్లు చెప్పించుకున్నాను కాబట్టి నాకు బాగా గుర్తు. అయినా తెలుసులే అన్నాను. ఇంటికి వచ్చి అద్దం గోడవైపు తిప్పేశాను. రెండు రొట్టెలు తిన్నా కడుపు నిండలేదు.

సోమవారం తెల్లవారకముందే మైకులు కట్టిన పాటల లారీలు బయల్దేరాయి. వాటి వెనక ఊరూరూ రోడ్డు మీద ఎగురుతూ సముద్రం ఒడ్డుకు చేరింది. పది గంటలకల్లా మేక మాంసం, పక్కటెముకలు కాలుతున్న పొగలో పడవలే కనపడలేదు. మధ్యాహ్నం పన్నెండింటికి పందెం మొదలైంది. దిమ్మలకు బదులు అదనంగా ఇసక వేశాం. కాని ఇసక ఇసకే, కాస్త ఒరిగితే అదీ మాతోపాటు ఒరుగుతుంది. గాలికి ఎదురు వెళ్ళినంతసేపూ మా పడవ తాగినవాడిలా పక్కకు వాలుతూ వచ్చింది. నేను పై అంచు మీద వీపు సముద్రానికి ఆనించి, ఉన్న బరువంతా, చెప్పుకోని ఆ నాలుగు కిలోలతో సహా, పెట్టాను. చాలలేదు. ఎర్ర పీపా తిరిగేసరికి శాండీ గ్రౌండ్ ఊరివాళ్ళ పడవ మాకన్నా నాలుగు పడవల దూరం ముందుంది.

తిరగగానే బస్తాలు పోయాయి. తర్వాత క్లీవన్ ఒక పేరు పిలిచాడు, ఇంకోటి పిలిచాడు, మూడోది పిలిచాడు. ముగ్గురూ దూకారు. దూరం రెండు పడవలకు తగ్గింది, ఒకటికి తగ్గింది, అక్కడ ఆగిపోయింది. ఒడ్డు మీది జనం కనపడుతున్నారు. గీత దగ్గర పాతిన జెండా కర్ర కూడా కనపడుతోంది. నా పేరు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తున్నాను. రాలేదు.

వెనక్కి తిరిగి చూశాను. క్లీవన్ చుక్కాని పట్టుకుని తెరచాప కొస వంక చూస్తున్నాడు. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు. నా వంక చూడకుండా ఉండడానికే వాడు దాన్ని చూస్తున్నాడు. పందెం పోతుందని వాడికి తెలుసు, ఎందుకు పోతోందో తెలుసు, అయినా పిలవట్లేదు.

త్యాగమని చెప్పుకోవచ్చు. కొట్టులో కొత్తవాళ్ళకు అలాగే చెబుతున్నాను కూడా. నిజం చెప్పాలంటే, వాడు అలా పైకి చూస్తూ ఉండడం నేను భరించలేకపోయాను. మోకాలు పట్టుకుని లేచాను, అంచు మీద కూర్చున్నాను, వెనక్కి పడ్డాను. నేను పడితే లేచిన నీళ్ళు శాండీ గ్రౌండ్ వాళ్ళ తెరచాప తడిపాయట.

పైకి తేలేసరికి పడవ దూరమైంది. మోటారు పడవవాళ్ళు వెనక ముగ్గురినీ ఏరే పనిలో ఉన్నారు. నేను ఎటూ మునగనని వాళ్ళకు తెలుసు, తొందరపడలేదు. వెల్లకిలా తేలుతూ ఆకాశం చూశాను. ఒడ్డున కార్ల హారన్లన్నీ ఒక్కసారి మోగాయి. ఎవరి కోసమో తెలియదు. ఇరవై ఏడోసారి కూడా ఎవరు గెలిచారని అడగబోతున్నానని అర్థమైంది. ఏడుపొచ్చింది. ఎటూ తడిసే ఉన్నాను కదా అని ఏడ్చాను.

కాసేపటికి తెరచాప నీడ నా మీద పడింది. 'అడీనా' వెనక్కి వచ్చింది. పందెం అయ్యాక పడవ వెనక్కి రావడం నేనెప్పుడూ చూడలేదు. క్లీవన్ చెయ్యి చాచాడు. నన్ను పైకి లాగడానికి ఐదుగురు పట్టారు, ఇద్దరు జారిపడ్డారు.

"గెలిచామా?"

"గెలిచాం."

"ఎంత తేడాతో?"

క్లీవన్ నన్ను కిందినుంచి పైకి చూశాడు. "నీ పొట్టంత, బావా."

మేం ఒడ్డు దగ్గరికి వచ్చేసరికి జనమంతా పాటల లారీ వైపు, మాంసం పొగ వైపు వెళ్ళిపోయారు. తీర్పరులు కుర్చీలు మడుస్తున్నారు. జెండా కర్ర దగ్గర మాత్రం ఏదో గొడవ. దగ్గరికి వస్తే కనపడింది. నడుం లోతు నీళ్ళలో, ఆదివారం టోపీతో, ఇల్మా కర్రను రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. కమిటీ మనిషి ఒకడు పక్కన నిలబడి బతిమాలుతున్నాడు. పందెం అయిపోయిందమ్మా, అన్ని పడవలూ వచ్చేశాయి, జెండా ఇచ్చెయ్యండి అంటున్నాడు.

"ఇంకా ఒకడు రావాలి," అంది ఇల్మా. కర్ర వదల్లేదు.

క్లీవన్ పడవ ముక్కును జెండా వైపు తిప్పాడు. మిగతావాళ్ళు కాళ్ళు ముడుచుకుని నాకు ముందు చోటిచ్చారు. గీత దాటాం. అద్దం ముందు నేర్చుకున్న చెయ్యి ఊపడం గుర్తుకే రాలేదు.

ఇల్మా జెండా కర్ర పీకి కమిటీ మనిషి చేతిలో పెట్టింది. తర్వాత నా వైపు తిరిగి, అక్టోబరులో నీళ్ళు తగ్గాక ఆ ఇనుము తీయించమంది. అలాగే అన్నాను. అందరూ దిగిపోయారు. నేను మాత్రం ఇంకాసేపు పడవలోనే కూర్చున్నాను.