గోగుచేలో తెల్లదోమ జాడ

నేను మదనపల్లెలో వ్యవసాయశాఖ ఉద్యోగిగా ఉన్నప్పుడు యుద్ధం ఇంకా ముగియలేదు. అంగళ్లలో మంచి మోకు దొరకడం గగనమైపోయింది. అందువల్ల పుంగనూరు దగ్గరి ఒక మెట్టరైతు, బావిలోంచి ఎద్దులతో నీళ్లు తోడే కపిలికి మోకు పేనుకోవడానికి తానే నారగోగు వేశాడు. ఆ చేను పసుపెక్కుతోందని కబురు పంపాడు. అంటుతెగులైతే మొక్కలు పీకివేయాలి. పీకివేస్తే మోకు లేదు, మోకు లేనిదే కపిలి ఆడదు, రాగిపైరు ఎండుతుంది.

పరీక్షాక్రమం నాకు కళాశాలలో స్పష్టంగా నేర్పారు. ఈనెలు ముందుగా పసుపెక్కితే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ తెగులు. ఈనెలు ఆకుపచ్చగా నిలిచి, వాటి నడుమ పాలిపోతే నేలలోని లోపం. కుప్పం వైపు ఒక చేలో ఈ క్రమంలోనే నిర్ణయం చెప్పి వచ్చాను. కనుక ధైర్యంగానే వెళ్లాను.

చేలో పసుపు ఆకు ఒక్కటీ లేదు. ఉన్న ఆకులన్నిటి మీదా బూడిద. ఆకు తిప్పి చూస్తే దోమ జాడ లేదు.

"పాలిపోయిన ఆకులేవప్పా?" అన్నాను.

"నిన్ననే గిల్లేస్తిమి సామీ. ఆపీసరు వస్తాండాడంటే సేను గలీజుగా ఉంటే ఎట్ల? బూడిద గూడా సల్లినాము."

"గిల్లిన ఆకులు?"

"దూడకేస్తిమి."

గట్టు మీదున్న అతని భార్య ఫక్కున నవ్వింది. "పెండ్లిసూపులకు పిల్లను సింగారించినట్ల సేసినాడు సామీ! వద్దంటే ఇన్యాడా? ఇంగ పొయ్యి ఆ దూడనే అడగమనండి."

"నువ్వూరుకోమ్మే," అని కసిరి, అతడు నా వైపు తిరిగాడు. "పీకల్లా, వద్దా? అది సెప్పండి సామీ."

కొత్త ఆకులు విచ్చేదాకా దేన్నీ ముట్టవద్దని ఆజ్ఞాపించి వచ్చాను.

మళ్లీ వెళ్లేసరికి కొన్ని మొక్కల్లో ఈనెలు పసుపు, కొన్నింటిలో ఈనెల నడుమ పసుపు, చాలావాటిలో రెండూను. రెండు లక్షణాలూ ఒకే ఆకులో కలిస్తే ఏమనాలో నాకెవరూ నేర్పలేదు. అతడు ఒక్కొక్క మొక్కనూ పట్టుకుని నా ముఖం వైపు చూశాడు. ఒకదాన్ని పీకమన్నాను, మరొకదాన్ని ఉంచమన్నాను.

"రెండూ ఒగటే మాదిరి ఉండాయి గదా సామీ?" అంది అతని భార్య.

నేను పక్క మొక్క దగ్గరికి జరిగాను.

ఆ ఏడు నార తక్కువే వచ్చింది. కొత్త మోకుకు పాతమోకు ముక్క జతచేసి కపిలి తోలాడు, రాగి చేతికొచ్చింది. మరుసటి ఏడు అదే చేలో గోగు వేయవచ్చునా అని అడిగాడు. ఈసారి ఆకు గిల్లకుండా, బూడిద చల్లకుండా కబురు పంపమన్నాను.